సభ్యుల పట్టికలో పాస్‌వర్డ్‌లన్నీ ఎండీ5లో ఉన్నాయి, ఎలా మార్చాలి?

కృష్ణలంక_కోడరు
అందరికీ నమస్కారం. ఒక సహకార పరపతి సంఘం వెబ్‌సైటు నిర్వహణ ఈ మధ్యే నా చేతికి వచ్చింది. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ మీద నడుస్తోంది. సభ్యుల పట్టిక తెరిచి చూస్తే పాస్‌వర్డ్ గడి 32 అక్షరాల వెడల్పుతో ఉంది, ప్రతి వరుసలోనూ ఉత్త ఎండీ5 హాష్ (పాస్‌వర్డ్‌ను వెనక్కి తిప్పలేని అక్షరాల వరసగా మార్చే పాత పద్ధతి). సాల్ట్ (ఒక్కో పాస్‌వర్డ్‌కూ విడిగా కలిపే యాదృచ్ఛిక విలువ) లేదు. ఈ10ఏడీసీ3949తో మొదలయ్యే ఒకే విలువ చాలా వరుసల్లో కనిపించింది. అది 123456కు ఎండీ5 అని ఎవరైనా క్షణంలో చెప్పేస్తారు.

విషయం పాలకవర్గం ముందు పెట్టాను. "హాష్‌ను వెనక్కి తిప్పడం కుదరదని మీరే అంటున్నారు, ఇక మార్చడం దేనికి?" అని అడిగారు. వాళ్ల ప్రశ్న సబబుగానే ఉంది. వాళ్లకు అర్థమయ్యేలా జవాబు చెప్పాలి. నా సందేహాలు మూడు. ఎండీ5తో నిజంగా అంత ప్రమాదం ఉందా? సభ్యులందరినీ కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమని అడగకుండా మార్చే దారి ఉందా? (సభ్యుల్లో చాలామంది పెద్దవాళ్లు, రీసెట్ అంటే శాఖకు వచ్చి క్యూలో నిలబడతారు.) హాష్ చేసే పని డేటాబేస్‌లోనే ఉన్న ఫంక్షన్‌కు అప్పగించాలా, పీహెచ్‌పీలో చేయాలా?

మానేరు
మొదటి ప్రశ్నకు నేను చెబుతాను. నా ఉద్యోగమే భద్రతా పరీక్షలు చేయడం.

దొంగకు హాష్‌ను వెనక్కి తిప్పే అవసరమే ఉండదు. తనకు తోచిన మాటను తనే హాష్ చేసి, పట్టికలో ఉన్నదానితో పోల్చి చూస్తాడు. సరిపోతే దొరికినట్టు, లేకపోతే తర్వాతి మాట. కాబట్టి పాలకవర్గానికి చెప్పాల్సిన ప్రశ్న "తిప్పగలరా లేదా" కాదు, "సెకనుకు ఎన్ని మాటలు ప్రయత్నించగలరు" అన్నది.

ఆటలాడుకునేవాళ్లు కొనే ఆర్‌టీఎక్స్ 4090 కార్డు ఒక్కటి పెట్టుకుంటే, హాష్‌క్యాట్ అనే ప్రోగ్రాము సెకనుకు దాదాపు 16,400 కోట్ల ఎండీ5లు లెక్కిస్తుంది. ఇంగ్లిషు చిన్న అక్షరాలు ఎనిమిదింటితో కుదిరే పాస్‌వర్డ్‌లు మొత్తం 20,883 కోట్లు. అంటే రెండు సెకన్లలోపే అన్నీ అయిపోతాయి. సాల్ట్ లేదు కనుక ఆ రెండు సెకన్లలోనే పట్టికలోని సభ్యులందరిమీదా ప్రయత్నించినట్టు.

అదే కార్డు, కావాలనే నెమ్మదిగా చేసిన బీక్రిప్ట్ అనే హాష్ పద్ధతిలో కాస్ట్ (ఎంత నెమ్మదో చెప్పే అంకె) 12 దగ్గర సెకనుకు సుమారు 1,400 దాటదు. అవే 20,883 కోట్ల మాటలకు ఒక్క సభ్యుడిమీదే నాలుగున్నరేళ్లకు పైగా పడుతుంది. రెండో సభ్యుడి దగ్గర మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

ఇక మన ఊళ్లలో నేను ప్రతిచోటా చూసే సంగతి ఒకటి: మొబైల్ నంబరే పాస్‌వర్డ్. మన దేశంలో మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి. మొత్తం కలిపినా 400 కోట్లు దాటవు. ఎండీ5 అయితే ఆ కార్డుకు కన్నుమూసి తెరిచేలోపు పని. బీక్రిప్ట్ అయితే నెల రోజులు. అయితే ఆ సభ్యుడి నంబరు అదే వరుసలో, పక్క గడిలోనే ఉంటుంది కదా. దొంగ మొదటి ప్రయత్నంలోనే దాన్ని పెడతాడు. అక్కడ ఏ హాషూ కాపాడలేదు. పాస్‌వర్డ్ పెట్టేటప్పుడే ఫోన్ నంబరునూ, పుట్టిన తేదీనీ, పేరునూ ఒప్పుకోకుండా ఆపాలి. ఈ పని ఈ వారమే చేయండి, మిగతాదానికోసం ఆగనక్కరలేదు.

చదువరి_హన్మకొండ
నేను బీటెక్ మూడో సంవత్సరం. సాల్ట్ గురించి పుస్తకంలో చదివాను, కాని ఒక విషయం మింగుడుపడలేదు. సాల్ట్‌ను కూడా అదే పట్టికలో పెడతారు. పట్టిక దొంగిలించినవాడికి సాల్ట్ కూడా దొరుకుతుంది. మరి దానివల్ల లాభం ఏమిటి?

పాతసర్వర్
మంచి ప్రశ్న అడిగారు బాబూ. సాల్ట్‌కు రహస్యంగా ఉండాల్సిన పని లేదు. దాని పని ఒక్కటే, ప్రతి వరుసనూ విడి లెక్కగా మార్చడం.

సాల్ట్ లేకపోతే దొంగ ముందే ఇంట్లో కూర్చుని కోట్ల మాటలకు హాష్‌లు లెక్కగట్టి దాచుకోవచ్చు. అంత జాగా అక్కర్లేకుండా అదే పని చేసే పద్ధతిని హెల్‌మన్ 1980లో ప్రతిపాదించాడు, ఎక్స్‌లిన్ 2003లో మెరుగుపరిచి రెయిన్‌బో టేబుల్స్ అన్నాడు. ఒకసారి తయారు చేస్తే లోకంలోని ఎండీ5 పట్టికలన్నింటికీ పనికొస్తాయి. ప్రతి సభ్యుడికీ 16 బైట్ల యాదృచ్ఛిక సాల్ట్ కలిపితే ఆ తయారీ అంతా వృథా. పైగా 123456 పెట్టుకున్న ఇద్దరి హాష్‌లు వేరువేరుగా ఉంటాయి, కనుక కృష్ణలంక గారు చూసినట్టు "ఇదే విలువ ఇన్నిచోట్ల ఉంది" అని చూడగానే తెలిసిపోదు.

ఇదేమీ నిన్నమొన్నటి ఆలోచన కాదు. 1960లలో ఎంఐటీలోని సీటీఎస్ఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో పాస్‌వర్డ్‌ల ఫైలు ఉన్నదున్నట్టు ఉండేది. ఒకరోజు ఎడిటర్ ప్రోగ్రాములో తాత్కాలిక ఫైళ్లు తారుమారై, లాగిన్ అయిన ప్రతివాడి ముందూ ఆ రోజు ప్రకటనకు బదులు పాస్‌వర్డ్‌ల జాబితా అచ్చయింది. ఆ ఉదంతాన్ని రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979 నాటి వ్యాసంలో రాశారు. యూనిక్స్‌లో తాము చేసిన ఏర్పాటు కూడా అందులోనే వివరించారు. మొదట పెట్టిన పద్ధతి మరీ వేగంగా ఉందని వదిలేసి, డీఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని కావాలనే 25 సార్లు తిప్పారు, 12 బిట్ల సాల్ట్ కలిపారు. అంటే 4,096 రకాలు. ఈ రోజు అది ఏ మూలకూ రాదు. కాని "నెమ్మదిగా ఉండాలి, ఒక్కొక్కరిదీ వేరుగా ఉండాలి" అన్న రెండు సూత్రాలూ అప్పుడే స్థిరపడ్డాయి. నలభై ఏళ్లు దాటినా ఉత్త ఎండీ5 పట్టికలు ఇంకా కనిపిస్తుంటే నాకు బాధేస్తుంది.

చదువరి_హన్మకొండ
ధన్యవాదాలండి, ఇప్పుడు అర్థమైంది. మరి బీక్రిప్ట్ వాడితే సాల్ట్‌కు వేరే గడి పెట్టాలా?

పాతసర్వర్
అక్కర్లేదు. అన్నీ ఒకే వరసలో ఉంటాయి. ఒక బీక్రిప్ట్ విలువను విప్పి చూపిస్తాను. అది $2బి$12$ అని మొదలవుతుంది. 2బి అంటే పద్ధతి పేరు. 12 అంటే కాస్ట్, రెండును 12 సార్లు హెచ్చించినన్ని, అంటే 4,096 చుట్లు తిప్పారని. తర్వాతి 22 అక్షరాలు సాల్ట్, చివరి 31 అక్షరాలు అసలు హాష్. మొత్తం 60. సరిచూసే ఫంక్షను ఆ వరసలోనే పద్ధతినీ, కాస్ట్‌నూ, సాల్ట్‌నూ చదువుకుని, లోపలికి వచ్చిన పాస్‌వర్డ్‌ను అలాగే తిప్పి పోలుస్తుంది.

ఇందులో అసలు బలం ఆ 12 దగ్గర ఉంది. నీల్స్ ప్రొవోస్, డేవిడ్ మజియేర్ 1999లో దీన్ని రాసినప్పుడే, యంత్రాల వేగం పెరిగేకొద్దీ కాస్ట్‌ను కూడా పెంచుకునే వీలు పెట్టారు. అంకె ఒకటి పెరిగితే పని రెట్టింపు. పీహెచ్‌పీ చాలాకాలం 10 దగ్గరే ఉంది, 8.4 రూపంలో 12కు మార్చారు. పాత రూపం వాడుతుంటే మీరే 12 అని రాయండి.

గడి వెడల్పు 255 పెట్టండి. ఆర్గన్2 అనే కొత్త హాష్ పద్ధతి విలువలు వంద అక్షరాలకు దగ్గరగా ఉంటాయి. పాత మైఎస్‌క్యూఎల్ అమరికల్లో గడి చిన్నదైతే కిక్కురుమనకుండా చివర కోసేస్తుంది, ఆ తర్వాత ఒక్కరికీ లాగిన్ కుదరదు. ఇంకొకటి, హాష్‌ను వేర్ క్లాజులో పెట్టి పోల్చకండి. వరుసను బయటికి తెచ్చి పీహెచ్‌పీలోని పాస్‌వర్డ్_వెరిఫై ఫంక్షనుతోనే చూడండి. మైఎస్‌క్యూఎల్ మామూలు కొలేషన్లకు (అక్షరాలను పోల్చే నియమాలకు) చిన్న అక్షరం, పెద్ద అక్షరం తేడా లేదు. బీక్రిప్ట్ విలువలో ఆ తేడానే ప్రాణం.

డల్లాస్_తెలుగు
మూడో ప్రశ్నకు నా జవాబు: డేటాబేస్‌లో చేయవద్దు. నేను గట్టిగా చెప్పే మాట ఇది.

ఇన్సర్ట్ వాక్యంలోనే ఎండీ5 ఫంక్షనో, ఎస్‌హెచ్‌ఏ2 ఫంక్షనో పిలిస్తే, అసలు పాస్‌వర్డ్ ఆ ఎస్‌క్యూఎల్ వాక్యంలో ఉన్నదున్నట్టు డేటాబేస్ దాకా ప్రయాణం చేస్తుంది. జనరల్ లాగ్ తెరిచి ఉంటే అందులో పడుతుంది. నెమ్మదిగా నడిచిన క్వెరీల లాగ్‌లో పడుతుంది. వాక్యాలుగా రాసే బైనరీ లాగ్ అయితే నకలు సర్వర్లకూ చేరుతుంది. మైఎస్‌క్యూఎల్ మాన్యువల్ కూడా ఆ ఫంక్షన్ల దగ్గర ఈ హెచ్చరిక రాసింది. పోస్ట్‌గ్రెస్‌లో పీజీక్రిప్టో పొడిగింపు ఇచ్చే క్రిప్ట్ ఫంక్షను బీక్రిప్ట్ చేస్తుంది, పద్ధతిగా మంచిదే. కాని వాక్యాలను లాగ్ చేసే అమరిక తెరిచి ఉంటే అక్కడా ఇదే గతి.

హాష్ బాగుండి, దాని చుట్టుపక్కల కారిపోయిన ఉదాహరణలు పెద్ద సంస్థల్లోనే ఉన్నాయి. ట్విటర్ అప్పటికే బీక్రిప్ట్ వాడుతూ ఉండేది. హాష్ కావడానికి ముందే పాస్‌వర్డ్‌లు లోపలి లాగ్‌లో రాసుకుపోయాయని 2018 మేలో ప్రకటించి, 33 కోట్ల మందినీ మార్చుకోమని చెప్పింది. ఫేస్‌బుక్‌లో కోట్లాది పాస్‌వర్డ్‌లు లోపలి వ్యవస్థల్లో చదవడానికి వీలుగా పడి ఉన్నాయని 2019లో బయటపడింది. 2024లో ఐర్లండ్ డేటా రక్షణ సంఘం 9 కోట్ల 10 లక్షల యూరోల జరిమానా వేసింది.

కాబట్టి హాష్ మార్చేముందు ఒకసారి మీ సర్వర్లో పరీక్ష ఖాతా తెరిచి, ఎక్కడా లేని ఒక విచిత్రమైన మాటను పాస్‌వర్డ్‌గా పెట్టండి. లాగిన్ అవ్వండి, తప్పుగా ఒకసారి కొట్టండి, మార్చుకోండి. ఆ తర్వాత సర్వర్లోని లాగ్‌లన్నింటిలో, తప్పుల నివేదికల్లో, బ్యాకప్ ఫైళ్లలో ఆ మాట కోసం వెతకండి. ఎక్కడ దొరికితే అక్కడ కన్నం ఉన్నట్టు.

కృష్ణలంక_కోడరు
డల్లాస్ గారూ, మీరు చెప్పిన పరీక్ష వెంటనే చేశాను. ఆక్సెస్ లాగ్‌లో దొరికింది. పాస్‌వర్డ్ మార్చే పేజీ పాత పాస్‌వర్డ్‌ను చిరునామాలోనే, ప్రశ్నార్థకం తర్వాత పంపుతోంది. ఫారాన్ని ఇప్పుడే పోస్ట్ పద్ధతికి మార్చాను, పాత లాగ్‌లు తొలగిస్తున్నాను.

పాతసర్వర్
ఇక రెండో ప్రశ్న. ఎవరినీ అడగకుండా మార్చవచ్చు. రెండు దారులు ఉన్నాయి, రెండూ కలిపి వాడాలి.

చాలామంది చెప్పేది మొదటి దారి: సభ్యుడు లాగిన్ అయినప్పుడు అసలు పాస్‌వర్డ్ చేతికి వస్తుంది కదా, అప్పుడు కొత్త హాష్ చేసి రాసుకోవడం. మంచిదే. కాని ఏళ్ల తరబడి రాని సభ్యుల ఎండీ5లు అలాగే మిగిలిపోతాయి. పరపతి సంఘంలో అలాంటివాళ్లే ఎక్కువ ఉంటారు.

అందుకని ముందు అందరి ఎండీ5లనూ ఇప్పుడే బీక్రిప్ట్‌లో చుట్టేయండి. అంటే పట్టికలో ఉన్న 32 అక్షరాల ఎండీ5నే పాస్‌వర్డ్ అనుకుని దానికి బీక్రిప్ట్ చేసి, ఆ గడిలో పెట్టి, పక్కన "పాతది" అని గుర్తు ఉంచండి. ఒక్కో వరుసకు పావు సెకను పట్టినా 40 వేల వరుసలకు మూడు గంటలు దాటదు. లాగిన్ సమయంలో గుర్తు "పాతది" అయితే వచ్చిన పాస్‌వర్డ్‌కు ముందు ఎండీ5 చేసి, తర్వాత వెరిఫై చేయండి. సరిపోతే అక్కడికక్కడే అసలు పాస్‌వర్డ్‌కు నేరుగా కొత్త హాష్ చేసి రాసి, గుర్తు తీసేయండి.

రెండు జాగ్రత్తలు. స్క్రిప్టు నడుస్తున్న గంటల్లో ఎవరైనా పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. అందుకే అప్‌డేట్ చేసేటప్పుడు "గడిలో ఇంకా నేను చదివిన పాత ఎండీ5నే ఉంటేనే" అన్న షరతు పెట్టండి. లేకపోతే ఆ సభ్యుడి కొత్త పాస్‌వర్డ్ మీద పాతది పడుతుంది. రెండోది, ఎండీ5ను 32 అక్షరాల రూపంలోనే బీక్రిప్ట్‌కు ఇవ్వండి. ముడి 16 బైట్లు ఇస్తే మధ్యలో ఎక్కడైనా సున్నా బైటు రావచ్చు, చాలా లైబ్రరీల్లో బీక్రిప్ట్ అక్కడితో ఆగిపోతుంది. మొదటి బైటే సున్నా అయిన సభ్యుడి ఖాతా, ఎండీ5 అలాగే సున్నా బైటుతో మొదలయ్యే ఏ పాస్‌వర్డ్‌తోనైనా తెరుచుకునే ప్రమాదం ఉంది.

మానేరు
పాతసర్వర్ గారు చెప్పినది సరైన పద్ధతి. దానికి ఒక చేర్పు. చుట్టిన హాష్‌ను శాశ్వతం అనుకోవద్దు. ఇంకో వెబ్‌సైటు నుంచి అదే మనిషి ఎండీ5 ఇదివరకే బయటపడి ఉంటే, దొంగ అసలు పాస్‌వర్డ్ తెలియకపోయినా ఆ ఎండీ5ను తెచ్చి మీ బీక్రిప్ట్ మీద ప్రయోగించి చూస్తాడు. కుదిరితే పైపొర ఒలిచేసినట్టే. ఇక మిగిలింది ఉత్త ఎండీ5, దాన్ని కార్డు మీద సెకనుకు వేల కోట్ల చొప్పున పడగొడతాడు. అందుకే లాగిన్ అయిన వెంటనే నేరు హాష్‌కు మార్చడం తప్పనిసరి. ఏడాదిపాటు లాగిన్ కానివాళ్ల హాష్‌ను తుడిచేసి, వాళ్లు వచ్చినప్పుడు ఓటీపీతో కొత్తది పెట్టించండి.

పాత గడి, పాత నకలు ఎక్కడా మిగలకూడదు. ఆష్లీ మాడిసన్ అనే డేటింగ్ వెబ్‌సైటు ఉదంతం నేను ప్రతి శిక్షణలోనూ చెబుతాను. 2015లో వాళ్ల పట్టిక బయటపడ్డప్పుడు పాస్‌వర్డ్‌లు బీక్రిప్ట్ కాస్ట్ 12లో ఉన్నాయి. అందరూ మెచ్చుకున్నారు. కొన్ని వారాల్లోనే ఒక బృందం అదే డేటాలో ఇంకో గడి కనిపెట్టింది. లాగిన్ టోకెన్ కోసం పెట్టిన ఆ గడిలో యూజర్ పేరునూ పాస్‌వర్డ్‌నూ చిన్న అక్షరాల్లోకి మార్చి చేసిన ఎండీ5 ఉంది. బీక్రిప్ట్ జోలికి పోకుండా దాన్ని పగలగొట్టి, కోటీ పది లక్షలకు పైగా పాస్‌వర్డ్‌లు రాబట్టారు. అంత మంచి తాళం వేసి పక్కన కిటికీ తెరిచి పెట్టినట్టయింది. మీ పట్టికలో "నన్ను గుర్తుంచుకో" కుకీ ఎలా తయారవుతోందో తప్పక చూడండి.

నిర్వాహకులు
ఇంతకుముందు ఒక సభ్యుడు ఈ చర్చలో తన సంస్థ పట్టికలోని అసలు హాష్‌లు అతికించి "ఇవి ఏ రకం?" అని అడిగారు. ఆ వ్యాఖ్య తొలగించాం. నిజమైన మనుషుల హాష్‌లు ఇక్కడ పెట్టవద్దు. రకం తెలుసుకోవాలంటే పొడవు, మొదటి నాలుగు గుర్తులు చెబితే చాలు.

అక్షరశిల్పి
నేను తెలుగు ఖతులు, కీబోర్డుల మీద పనిచేస్తాను. ఎవరూ ప్రస్తావించని ఒక సంగతి చెబుతాను. మీ సభ్యులు తెలుగులో పాస్‌వర్డ్ పెట్టుకుంటే ఏమవుతుంది?

"హైదరాబాద్" అని రాస్తే కంటికి ఐదక్షరాలు. కంప్యూటర్‌కు అవి తొమ్మిది కోడ్‌పాయింట్లు (యూనికోడ్ గుర్తులు), యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి మూడు బైట్లు, మొత్తం 27 బైట్లు. బీక్రిప్ట్ 72 బైట్ల తర్వాత వచ్చేదాన్ని చూడదు. ఇంగ్లిషువాళ్లకు 72 అక్షరాలు, మనకు 24 కోడ్‌పాయింట్లు. నాలుగు తెలుగు మాటలతో పొడవైన పాస్‌వర్డ్ పెట్టుకున్న మనిషికి మూడో మాట మధ్యలోనే కోత పడవచ్చు. చివరి మాట ఏది కొట్టినా తలుపు తెరుచుకుంటుంది, ఆ సంగతి ఆయనకు ఎప్పటికీ తెలియదు.

రెండోది ఇంకా చిక్కు. "హై"లోని ఐత్వం యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు: 0సీ48 అనే ఒకే గుర్తుగా, లేదా 0సీ46, 0సీ56 అనే రెండు గుర్తులుగా. తెరమీద రెండూ ఒకటే. బైట్లు వేరు, హాష్ వేరు. ఇంట్లో కంప్యూటర్లో పెట్టుకున్న పాస్‌వర్డ్ మరో పరికరంలో పనిచేయకపోతే పాపం ఆ మనిషి తన జ్ఞాపకశక్తినే అనుమానించుకుంటాడు. అందుకే హాష్ చేసేముందు ఎన్ఎఫ్‌సీ అనే ఒకే యూనికోడ్ రూపానికి మార్చాలి, పెట్టేటప్పుడూ, సరిచూసేటప్పుడూ. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ కూడా పాస్‌వర్డ్‌లలో యూనికోడ్‌ను ఒప్పుకునేవాళ్లు హాష్‌కు ముందు ఒకే రూపానికి సాధారణీకరించాలని చెబుతుంది.

ఎన్ఎఫ్‌సీ కూడా తీర్చని సమస్య ఒకటుంది. "హైదరాబాద్" చివర పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు కనిపించని జీరోవిడ్త్ నాన్‌జాయినర్ చేరుస్తాయి. కంటికి ఏ తేడా లేదు. పాస్‌వర్డ్ చుక్కలుగా కనిపిస్తుంటే అసలే తెలియదు. నేనైతే మాట చివర వచ్చిన ఆ గుర్తును తీసేస్తాను, "పాస్‌వర్డ్ చూపించు" అనే మీట తప్పక పెడతాను. తెలుగులో పాస్‌వర్డ్ పెట్టుకునే హక్కు మన వాళ్లకు ఉండాలి. "ఇంగ్లిషు అక్షరాలే వాడండి" అని తోసిపుచ్చడం నాకు అస్సలు ఇష్టం ఉండదు.

డల్లాస్_తెలుగు
అక్షరశిల్పి గారూ, 72 బైట్ల విషయంలో మీరు చెప్పినది ఇంగ్లిషు పేర్లకూ తప్పలేదు. ఓక్టా అనే గుర్తింపు సేవల సంస్థ ఒక క్యాష్ (తాత్కాలిక నిల్వ) తాళంచెవి కోసం యూజర్ ఐడీ, యూజర్ పేరు, పాస్‌వర్డ్ మూడింటినీ వరసగా కలిపి బీక్రిప్ట్ చేసింది. పేరు 52 అక్షరాలు గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే ఆ 72 బైట్లు అక్కడే నిండిపోయి, పాస్‌వర్డ్ వంతు రానే రాదు. కొన్ని పరిస్థితుల్లో ఉత్త పేరుతోనే లోపలికి వెళ్లగలిగే స్థితి. 2024 జులైలో వచ్చిన ఆ లోపాన్ని అక్టోబరు 30న సరిదిద్దారు.

దీనికి మందు ఉంది. పాస్‌వర్డ్‌కు ముందు హెచ్‌మ్యాక్ ఎస్‌హెచ్‌ఏ-384 (తాళంచెవి కలిపి చేసే హాష్) చేసి, ఫలితాన్ని బేస్64గా మార్చి బీక్రిప్ట్‌కు ఇవ్వాలి. ఎంత పొడవైనా 64 అక్షరాల్లోకి వస్తుంది, సున్నా బైటు గొడవ ఉండదు. వర్డ్‌ప్రెస్ 2025లో తన 6.8 రూపంలో బీక్రిప్ట్‌కు మారినప్పుడు ఇలాగే చేసింది. ఆ హెచ్‌మ్యాక్‌కు వాడే తాళంచెవిని డేటాబేస్‌లో కాకుండా వేరేచోట దాచుకుంటే అదే పెప్పర్ అవుతుంది. పట్టిక ఒక్కటే దొంగిలించినవాడు ఒక్క మాట కూడా ప్రయత్నించలేడు.

చదువరి_హన్మకొండ
మా ప్రొఫెసర్ గారు ఇప్పుడు ఆర్గన్2ఐడీ తప్ప ఇంకేదీ వాడకూడదన్నారు. మీరందరూ బీక్రిప్ట్ అంటున్నారేమిటి?

మానేరు
మీ ప్రొఫెసర్ గారి మాట నిజం, కొత్తగా కట్టేవాళ్లకు నేనూ అదే చెబుతాను. 2013లో మొదలైన పాస్‌వర్డ్ హాషింగ్ పోటీలో 2015లో గెలిచింది ఆర్గన్2. లక్సెంబర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన బిర్యుకోవ్, దిను, హోవ్రటోవిచ్ దాన్ని రూపొందించారు. బీక్రిప్ట్ లెక్కకు సమయం ఒక్కటే గట్టిగా అడుగుతుంది, మెమొరీ నాలుగు కిలోబైట్లు సరిపోతుంది. ఆర్గన్2 మెమొరీ కూడా అడుగుతుంది. ఒక్కో లెక్కకు 64 మెగాబైట్లు పెడితే, 24 గిగాబైట్ల గ్రాఫిక్స్ కార్డు మీద ఏకకాలంలో 384 కంటే ఎక్కువ నడవవు. కార్డులో వేల కోర్లు ఉండి కూడా ఖాళీగా కూర్చుంటాయి.

పాతసర్వర్
నేను ఒప్పుకోను, పూర్తిగా కాదు. ఆ మెమొరీ దొంగకే కాదు, సంఘం సర్వర్‌కూ భారమే. కృష్ణలంక గారి దగ్గర ఎంత మెమొరీ ఉందో తెలియదు, కాని చిన్న సంఘాలు సాధారణంగా 2 గిగాబైట్ల అద్దె సర్వర్ మీద నడుస్తాయి. పీహెచ్‌పీలో ఆర్గన్2ఐడీ అని రాస్తే ముందుగా ఉండే అమరిక 64 మెగాబైట్లు. డివిడెండు ప్రకటించిన రోజు 30 మంది ఒకేసారి లాగిన్ కొడితే 1,920 మెగాబైట్లు దానికే పోతాయి. డేటాబేస్ ఊపిరాడక పడిపోతుంది. వెబ్ భద్రతా సంస్థ ఓవాస్ప్ సూచించే కనీస అమరికల్లో ఒకటి 19 మెగాబైట్లు, రెండు చుట్లు. అలా అయితే అదే 30 మందికి 570 మెగాబైట్లు, అది మోయగలరు. మోయలేకపోతే బీక్రిప్ట్ 12 పెట్టుకుని నిశ్చింతగా ఉండవచ్చు. ఎండీ5 నుంచి ఈ రెండింట్లో దేనికి మారినా కొండంత మార్పు. ఏది మంచిదన్న వాదనలో ఇంకో ఆరు నెలలు ఎండీ5తో గడపడమే నాకు భయం.

ఏది వాడినా లాగిన్ ప్రయత్నాలకు పరిమితి పెట్టండి, పాస్‌వర్డ్ పొడవుకూ పెట్టండి. 2013లో జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్కుకు ఈ ఇబ్బందే వచ్చింది. ఎవరైనా పదిలక్షల అక్షరాల పాస్‌వర్డ్ పంపితే సర్వర్ దాన్ని హాష్ చేస్తూనే నిమిషం గడిపేది.

మానేరు
సర్వర్ మోయలేనప్పుడు బీక్రిప్ట్ సరే, పాతసర్వర్ గారి మాటే ఖాయం చేయండి.

గోదారి_గట్టు
చర్చ ఆలస్యంగా చూశాను. ఒక కళాశాల పోర్టల్‌లో విద్యార్థులందరికీ పుట్టిన తేదీనే తొలి పాస్‌వర్డ్‌గా పెట్టి, దాన్ని చక్కగా బీక్రిప్ట్ చేశామని చెబుతున్నారు. మార్చుకోమని ఒత్తిడి లేదు. ఇది సరిపోతుందా?

మానేరు
సరిపోదు. వందేళ్ల తేదీలన్నీ కలిపినా 36,525. సెకనుకు 1,400 చొప్పున అరనిమిషం లోపు అన్నీ చూసేస్తారు. విద్యార్థుల వయసు తెలుసు కనుక నాలుగేళ్ల తేదీలు చాలు, ఒక్క సెకను పైచిలుకు. ఆధార్ నంబరును హాష్ చేసి "దాచేశాం" అనేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. పన్నెండు అంకెల్లో మొదటిది 0 గాని 1 గాని కాదు, చివరిది మిగతావాటినుంచి లెక్కగట్టే తనిఖీ అంకె. మిగిలేవి 8,000 కోట్లు. ఎండీ5 అయితే ఆ కార్డుకు అర సెకను. దాచే విలువకు ఉన్న అవకాశాలే తక్కువైతే హాష్ దాచలేదు. అక్కడ ఎన్‌క్రిప్షనో, వేరేచోట దాచిన తాళంచెవితో హెచ్‌మ్యాకో కావాలి.

తొలి పాస్‌వర్డ్ అంటూ ఇవ్వనే వద్దు. ఒక్కసారి పనికొచ్చే లింకు పంపండి. ఆ లింకులోని టోకెన్ 16 బైట్ల యాదృచ్ఛిక విలువ అయితే దాన్ని పట్టికలో ఎస్‌హెచ్‌ఏ-256గా పెట్టినా చాలు. అంత పెద్ద విలువను ఊహించి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు, నెమ్మది హాష్ అక్కర్లేదు.

కృష్ణలంక_కోడరు
పాలకవర్గానికి మానేరు గారి లెక్కలు చూపించాను. ఫోన్ నంబరు ఉదాహరణ దగ్గర అందరూ ఒక్కసారి ఆగిపోయారు, అనుమతి ఇచ్చేశారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో భద్రతా లోపానికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉందన్న విషయం కూడా కార్యదర్శి గారే ప్రస్తావించారు. బదులుగా ఒక షరతు పెట్టారు: మూడు నెలలకోసారి అందరూ పాస్‌వర్డ్ మార్చుకోవాలట. పెట్టాలా?

డల్లాస్_తెలుగు
వద్దని చెప్పండి. ఎన్ఐఎస్‌టీ 2017లోనే గడువు పెట్టి మార్పించే పద్ధతిని వద్దంది. బయటపడినట్టు ఆధారం ఉన్నప్పుడే మార్పించాలి. మూడు నెలలకోసారి అంటే జనం చివర 1 తీసి 2 పెడతారు, అంతే. దానికి బదులు, పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు అది ఇదివరకే బయటపడిన జాబితాల్లో ఉందేమో చూడండి. ట్రాయ్ హంట్ నడిపే హావ్ ఐ బీన్ పోన్డ్ సేవలో ఆ సౌకర్యం ఉచితం. పాస్‌వర్డ్ పంపనక్కరలేదు. దాని ఎస్‌హెచ్‌ఏ-1లో మొదటి ఐదు అక్షరాలు మాత్రం పంపితే, అలా మొదలయ్యేవన్నీ తిరిగి ఇస్తుంది, మిగతా పోలిక మీ సర్వర్లోనే జరుగుతుంది.

కృష్ణలంక_కోడరు
ఆ సేవ కలుపుతాను. పరీక్షా సర్వర్లో చుట్టే స్క్రిప్టు నడిపాను, షరతు పెట్టిన అప్‌డేట్‌తో సహా బాగానే పనిచేసింది. ఆదివారం రాత్రి అసలు దానిమీద నడుపుతాను. బీక్రిప్ట్ 12, ముందు ఎన్ఎఫ్‌సీ, తర్వాత హెచ్‌మ్యాక్. చివరి సందేహం: పాత బ్యాకప్‌లు నెలల తరబడివి ఉన్నాయి. అన్నింట్లోనూ ఎండీ5లే.

పాతసర్వర్
వాటిని మరిచిపోకుండా అడిగారు, సంతోషం. లెక్కల తనిఖీ కోసం లావాదేవీల పట్టికలు ఉంచుకోక తప్పదు, పాస్‌వర్డ్ గడి మాత్రం ఎవరికీ అవసరం లేదు. ప్రతి బ్యాకప్‌నూ ఒక పక్క యంత్రంలో తెరిచి, ఆ గడిని ఖాళీ చేసి, మళ్లీ దించి, ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టండి. పాత ఫైళ్లు తొలగించండి. బైనరీ లాగ్‌లలో చుట్టడానికి ముందు ఉన్న అప్‌డేట్‌లు కూడా ఉంటాయి, నకలు సర్వర్ అందుకున్నాక వాటినీ పర్జ్ చేయండి. ఆఫీసులో ఎవరి పెన్‌డ్రైవ్‌లోనైనా, పాత డెవలపర్ ల్యాప్‌టాప్‌లోనైనా నకలు ఉందేమో అడిగి తెలుసుకోండి. ఆదివారం స్క్రిప్టు మొదలుపెట్టేముందు తీసే తాజా బ్యాకప్‌కు కూడా తొలగించే తేదీ ఇప్పుడే రాసి పెట్టుకోండి.